పాత ఓపెన్ జీపు ముందు అద్దం: మార్చడం, నీరు కారకుండా బిగించడం

దక్షిణ ఒడిశాలో కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు పాత ఓపెన్ జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. విల్లీస్ సీజే-3బీ నమూనాలో మహీంద్రా తయారుచేసినవి కొన్ని, ఆ తర్వాత వచ్చిన ఎంఎం 540 రకం కొన్ని. గుడ్డ టాపు విప్పేసి, ముందు అద్దాన్ని ఫ్రేముతో సహా బానెట్ మీదికి వాల్చుకోగలగడమే వీటి అందం. వాన పడితే కాళ్ల మీద నీళ్లు కారడానికి కూడా కారణం అదే. మామూలు కారులో అద్దం నేరుగా బాడీలో కూర్చుంటుంది. జీపులో అద్దానికీ ఫ్రేముకీ మధ్య ఒక రబ్బరు, ఫ్రేముకీ కింది కౌల్ రేకుకీ (బానెట్ వెనక, అద్దం ఫ్రేము ఆనే రేకు) మధ్య ఇంకో రబ్బరు, పైన ఫ్రేముకీ టాపు గుడ్డకీ మధ్య మరో అతుకు. మొత్తం మూడు. వీటిలో ఏది కారుతోందో తేల్చుకోకుండా కొత్త అద్దం కొంటే డబ్బు పోతుంది, నీళ్లు మాత్రం ఆగవు. ఎక్కువ బళ్లలో తప్పు అద్దంలో ఉండదు. తుప్పుపట్టిన ఫ్రేములోనో, వంకరపోయిన ఫ్రేములోనో, అణిగిపోయిన కింది రబ్బరులోనో ఉంటుంది.

ముందు కారే చోటు పట్టుకోండి

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటు, పాత న్యూస్‌పేపరు ముక్కలు పట్టుకుని కూర్చోవాలి. రెండోవారు బయట నీళ్ల పైపు పట్టాలి. పైపు మూతికి వేలు అడ్డం పెట్టి చిమ్మకండి, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. ఆ వేగానికి మంచి రబ్బరు కింద కూడా నీళ్లు దూరతాయి, లేని కారుడు ఉన్నట్టు కనిపిస్తుంది. నీళ్లు మెల్లగా జారేలా వదలండి.

కింది నుంచి పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అతుకుల మీదుగా జారి, తప్పు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. మొదట కౌల్ రేకు మీద, ఫ్రేము అడుగున 5 నిమిషాలు. తర్వాత వైపర్ ఇరుసు బయటికొచ్చే రంధ్రాల దగ్గర. ఆ తర్వాత అద్దం కింది అంచు, పక్క అంచులు, పై అంచు. చివరికి టాపు గుడ్డ ఫ్రేమును పట్టుకునే గాడి. లోపలివైపు ఫ్రేము మీద ముందే టాల్కం పౌడరు పలచగా చల్లి ఉంచితే నీరు వచ్చిన దారి గీతలా కనిపిస్తుంది. చుక్క పడే చోటు చూసి మోసపోకూడదు. పై మూలలో దూరిన నీరు ఫ్రేము గొట్టం లోపల జారి కింది మూలలో బయటపడడం ఈ బళ్లలో మామూలే.

కౌల్ దగ్గరే కారుతోందని తేలితే అద్దం జోలికి వెళ్లనక్కర్లేదు. కింది రబ్బరు గురించి రాసిన భాగం నేరుగా చదువుకోండి.

పగిలిన అద్దం ఉంటే, పగులు మొదలు చూడండి

రాయి తగిలిన చోట చిన్న గుంట, దాని చుట్టూ నక్షత్రంలా గీతలు ఉంటాయి. అలాంటి గుంట ఏమీ లేకుండా అంచు దగ్గర పుట్టి లోపలికి పాకిన గీత ఉంటే అది దెబ్బ వల్ల వచ్చింది కాదు, ఒత్తిడి వల్ల వచ్చింది. ఫ్రేము మెలి తిరిగి ఉండొచ్చు. వెల్డింగు బొడిపెనో తుప్పు పెంకునో అద్దం అంచును నొక్కుతూ ఉండొచ్చు. రెండువైపులా కీలు బోల్టులు సమానంగా బిగించకపోయి ఉండొచ్చు. ఆ కారణం తీసేయకుండా కొత్త అద్దం వేస్తే అదీ అదే చోట పగులుతుంది, ఘాట్ రోడ్డు మీద నాలుగు గుంతలు చాలు. అందుకే పాత అద్దం తీసేముందు పగులు మొదలైన చోటికి ఎదురుగా ఫ్రేము మీద సుద్దతో గుర్తు పెట్టండి.

అంచుల్లో పాలలా తెల్లబడిన మచ్చలు ఉంటే అద్దంలోని రెండు గాజు పొరల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర విడిపోతోందని అర్థం. నిలిచిన నీరు, థిన్నరు, పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ దీనికి కారణాలు. మచ్చ చూపుకి అడ్డం రాకపోతే కొంతకాలం నడుస్తుంది. కానీ అది వెనక్కి తగ్గదు.

ఫ్రేము విప్పి బల్ల మీద పెట్టుకోవడమే మేలు

కారుకైతే అద్దం బండి మీదే మార్చాలి. జీపుకి ఆ ఇబ్బంది లేదు, ఫ్రేమే విడిగా వచ్చేస్తుంది. ఆ సౌకర్యం వాడుకోండి.

బ్యాటరీ ఎర్త్ తీగ తీసేయండి. టాపు గుడ్డను ఫ్రేము గాడి నుంచి జరిపి వెనక్కి మడవండి. వైపర్ ఆకులు, చేతులు విప్పండి. ఫ్రేము మీద వైపర్ మోటారు ఉంటే దాని తీగలకి రంగు టేపులు చుట్టి, ఫోన్‌లో ఫొటో తీసి, ఆ తర్వాత విడదీయండి. బానెట్ మీద మందపాటి దుప్పటి పరవండి. ఇప్పుడు కింది బిగింపు క్లాంపులు వదిలి, ఒకరు ఫ్రేము పట్టుకోగా రెండోవారు కీళ్ల బోల్టులు తీయాలి. కీలు కింద పలచని వాషర్లు ఉంటే ఏ పక్కవి ఆ పక్కే విడి సంచిలో వేసి రాసిపెట్టండి. ఫ్రేము కౌల్ మీద సమంగా కూర్చోవడం వాటి వల్లే.

బోల్టులు తుప్పుతో పట్టుకుపోతే ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి వదిలేయండి. బలవంతంగా తిప్పితే కౌల్ లోపలి నట్టు ఊడి తిరుగుతుంది, అప్పుడు పని మూడింతలవుతుంది.

పాత రబ్బరును కాపాడాలని చూడకండి. చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పదునైన కత్తితో బయటి రెక్కను చుట్టూ కోసేస్తే అద్దం తేలిగ్గా బయటికి వస్తుంది. అద్దం ముక్కలైనా పారేయకండి. ఆకారం గీసుకోవడానికి అదే అసలు కొలత. ముక్కలను అట్ట మీద టేపుతో అతికించి చుట్టూ గీయండి.

ఫ్రేము పనే అసలు పని

రబ్బరు తీశాక కింది రెండు మూలలు, కీళ్ల దగ్గర రేకు చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ రేకు పనికిరాదు. పెయింటు ఉబ్బి ఉందంటే దాని కింద తుప్పు ఉన్నట్టే. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. అక్కడి బండి కొంటుంటే ఈ మూలలు పొడిచి చూడకుండా బేరం ఆడకండి.

తినేసిన రేకు కోసి, పాత రేకు మందానికి సరిపోయే ముక్క వేయించాలి. 18 నుంచి 20 గేజి మధ్య ఉంటుంది. మామూలు ఆర్క్ వెల్డింగుకి ఈ రేకు ఆగదు, చిల్లులు పడిపోతుంది. మిగ్ వెల్డింగు (గ్యాసు రక్షణతో సన్నటి తీగ కరిగించే రకం) ఉన్న మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. ఒకే గీతగా లాగొద్దని ముందే చెప్పండి. 2 సెం.మీ. కుట్టు వేసి, ఎదురు పక్కకి వెళ్లి ఇంకో కుట్టు వేసి, చల్లారాక మళ్లీ ఇటు రావాలి. ఒకేసారి లాగితే వేడికి ఫ్రేము మెలితిరుగుతుంది. రబ్బరు కూర్చునే అంచు మీద వెల్డు బొడిపెలు ఒక్కటి కూడా మిగలకుండా గ్రైండు చేయించండి. ఆ అంచు మీద బాడీ పుట్టీ రాయించొద్దు. రబ్బరు లాగినప్పుడు పుట్టీ పెచ్చులూడి, ఆ సందులోంచే నీరు దిగుతుంది.

ఇప్పుడు మెలి పరీక్ష. రెండు ఎదురెదురు మూలల మధ్య ఒక పురికొస, మిగతా రెండు మూలల మధ్య ఇంకోటి, బిగుతుగా కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మధ్యలో సందు ఉంటేనో, ఒకటి రెండోదాన్ని వంచుతుంటేనో ఫ్రేము మెలి తిరిగినట్టు. పురికొసల స్థానాలు పైకి కిందికి మార్చి మళ్లీ చూడండి, లేకపోతే ఒకవైపు మెలి బయటపడదు. అలాగే రెండు మూలకొలతలూ టేపుతో కొలవండి. తేడా 3 మి.మీ. లోపు ఉంటే రబ్బరు సర్దుకుంటుంది. అంతకు మించితే మిస్త్రీ చేత సరిచేయించాకే అద్దం కోయించండి.

తర్వాత వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి, 80 నంబరు ఎమరీ పేపరు పట్టి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. రెండు కోట్లు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రెండు కోట్లు పెయింటు. పెయింటయ్యాక కనీసం 4 రోజులు వదిలేయండి, మామూలు ఎనామెల్ అయితే వారం పైనే. పచ్చిగా ఉండగా రబ్బరు ఎక్కిస్తే పెయింటు రబ్బరుకి అంటుకుని ఊడొస్తుంది, ఆ చోటే మళ్లీ తుప్పు మొదలు. ఫ్రేము అడుగున నీరు పోయే చిల్లులు ఉంటే పెయింటుతో మూసుకుపోకుండా తీగతో తెరిచి ఉంచండి.

అద్దం: ఏ రకం, ఎంత కొలత

జీపు అద్దం చదునైనది. వంపు అద్దంలా కంపెనీ నుంచే రావాలని లేదు, కొలతకి కోసిస్తారు. కానీ లామినేటెడ్ అద్దమే వేయించాలి. రెండు గాజు పొరల మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు మొహం మీద పడవు, ముందు దారి కొంతైనా కనిపిస్తుంది. టఫెన్డ్ అద్దం (వేడి చేసి గట్టిపరచిన ఒకే పొర గాజు) పగిలితే ఒక్కసారిగా పలుకులైపోయి ఎదురుగా ఏమీ కనపడదు. ఘాట్ మలుపులో అలా జరిగితే బండి లోయలోకే. పైగా టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు. తలుపులకి వాడే మామూలు కిటికీ గాజు చవకని వేస్తే మెడ మీదికి కత్తి తెచ్చుకున్నట్టే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి. దాని మీద నల్ల ఫిల్ము అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కొన్న అద్దం మూలలో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. పెద్ద పలకలోంచి కోసిందైతే మీ ముక్క మీద గుర్తు పడకపోవచ్చు. అప్పుడు అసలు పలక మీది గుర్తు చూపించమనండి.

మందం రబ్బరు గాడిని బట్టి ఉంటుంది. 2.5 మి.మీ. గాజులు రెండు, మధ్య పొర 0.76 మి.మీ. కలిస్తే 5.76. 3 మి.మీ. గాజులైతే 6.76. గాడి 6 మి.మీ. ఉంటే మొదటిదే సరి. రెండోది బలవంతంగా ఎక్కించొచ్చు గానీ రబ్బరు రెక్కలు విచ్చుకుని అంచులు లేస్తాయి. అందుకే రబ్బరు ముందు కొనండి, ఆ ముక్కను అద్దాల కొట్టుకి తీసుకెళ్లండి.

కొలత తీసే పద్ధతి ఇది. హెచ్ అక్షరం ఆకారంలో ఉండే రబ్బరులో ఒక గాడి ఫ్రేము అంచుకి, రెండోది అద్దానికి. రెండింటి మధ్య ఒక గోడ ఉంటుంది. ఆ గోడ మందం కొలవండి. ఫ్రేము ఖాళీ అంచు నుంచి అంచుకి 1,200 మి.మీ., గోడ 5 మి.మీ. అనుకుందాం. రెండు పక్కలా గోడలకి 10, సర్దుబాటుకి 3 తీసేస్తే అద్దం వెడల్పు 1,187 మి.మీ. ఎత్తుకీ ఇదే లెక్క. ఖాళీని ఒక్కచోటే కొలిచి వదిలేయకండి. వెడల్పు పైనా మధ్యా కిందా, ఎత్తు రెండు పక్కలా మధ్యలో కొలవండి. పాత అద్దం గీత, ఈ లెక్క రెండూ సరిపోలాలి. పోలకపోతే ఫ్రేము ఎప్పుడో మార్చినట్టు. సీజే-3బీ ఫ్రేము, ఎంఎం ఫ్రేము ఒకే కొలత కాదు.

అట్ట నమూనా కత్తిరించి ఫ్రేములో పెట్టి చూశాకే కోయించండి. మూలల గుండ్రం నమూనాతో కలవాలి. అంచులు చుట్టూ అరగదీయించడం తప్పనిసరి. కోసిన అంచులో గోరంత పెచ్చు ఊడి ఉన్నా ఆరునెలల్లో పగులు అక్కడి నుంచే వస్తుంది.

జయపురంలో దొరక్క విశాఖపట్నం నుంచో విజయనగరం నుంచో తెచ్చేవాళ్లు అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టకండి. అంచు మీద నిలబెట్టి, అడుగున రబ్బరు షీటు వేసి, రెండువైపులా గోనెసంచులు కుక్కి కట్టండి. పడుకోబెట్టిన అద్దం సాలూరు దాటి సున్కి ఘాట్ ఎక్కేసరికే చిట్లిపోతుంది.

రబ్బరు ఎక్కించడం, తాడు లాగడం

కావలసినవి: మంచి ఈపీడీఎం రబ్బరు (ఎండకీ వానకీ తట్టుకునే రకం), లాకింగ్ స్ట్రిప్ (రబ్బరును బిగించే సన్నటి పట్టీ) ఉండే రకమైతే ఆ స్ట్రిప్పు, 4 మి.మీ. నున్నటి నైలాన్ తాడు, నీళ్లలో కలిపిన గిన్నెలు తోమే సబ్బు ద్రవం, అంచు నున్నగా చెక్కిన చెక్క బద్ద ఒకటి, గట్టిపడని రకం విండ్‌స్క్రీన్ సీలెంట్ 300 మి.లీ. ట్యూబు ఒకటి. గ్రీజు, ఇంజనాయిలు, కిరోసిన్ రబ్బరు దగ్గరికి రానీయకండి. అప్పటికి జారుడుగానే ఉంటుంది, తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడి గాడి వదులైపోతుంది.

మీటర్ల లెక్కన కొన్న రబ్బరైతే అద్దం చుట్టుకొలత కంటే నూటికి ఒకటిన్నర వంతు ఎక్కువ కోయాలి. చుట్టుకొలత 320 సెం.మీ. అయితే 325. ఆ ఎక్కువను చుట్టూ సమానంగా నొక్కుతూ ఎక్కించాలి. సాగదీసి సరిపెట్టిన రబ్బరు ఎండలకి కుంచించుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అతుకు పై అంచు మధ్యలో పెట్టండి. కింది అంచులో నీరు నిలుస్తుంది కాబట్టి అక్కడ వద్దు, మూలలో అసలే వద్దు. కోసిన రెండు చివరలు నిటారుగా, శుభ్రంగా ఉండాలి. సూపర్ గ్లూ ఒక చుక్కతో కలపండి.

కోరాపుట్ చలికాలం పొద్దున రబ్బరు బిర్రుగా ఉంటుంది. టబ్బులో చెయ్యి పట్టేంత వేడినీళ్లు పోసి 15 నిమిషాలు నానబెట్టండి. రాయగడ ఎండాకాలంలో అయితే ఇనుము కాలిపోతుంటుంది, నీడలో పొద్దున్నే మొదలుపెట్టండి.

అద్దం చుట్టూ రబ్బరు తొడిగాక, బయటి గాడిలో, అంటే ఫ్రేము అంచు కూర్చునే గాడిలో, తాడును అడుగుదాకా దించాలి. తాడు చుట్టుకొలత కంటే 60 సెం.మీ. ఎక్కువ ఉండాలి. కింది అంచు మధ్యలో మొదలుపెట్టి, చుట్టూ తిప్పి, అక్కడే 15 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా దాటించి, రెండు కొసలూ లోపలివైపు వేలాడేలా వదలండి. గాడికీ ఫ్రేము అంచుకీ సబ్బునీళ్లు పూయండి. ఒకరు బయటి నుంచి అద్దాన్ని కింది అంచు ఫ్రేము మీద కూర్చునేలా పెట్టి అరచేతులతో నొక్కాలి. లోపలి మనిషి ఒక కొసను అద్దానికి సమాంతరంగా, మధ్యవైపు లాగుతూ రావాలి. తాడు బయటికి వస్తూ రబ్బరు రెక్కను ఫ్రేము అంచు మీదుగా తిప్పేస్తుంది. తాడు నడిచే చోటుకి సరిగ్గా ఎదురుగా బయటి మనిషి అరచేత్తో తట్టాలి. అద్దం నడిమధ్యలో తట్టకండి.

తాడును అద్దానికి అడ్డంగా, మీవైపుకి లాగితే రెక్క చిరుగుతుంది. మూలల దగ్గర ఆగి మళ్లీ సబ్బునీళ్లు పోసి మెల్లగా తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకుండా ఆ చోట రెక్క లోపలికి మడతపడిందేమో బద్దతో చూడండి. ఒక మూల ఎంతకీ కూర్చోకపోతే అద్దం అక్కడ 2 మి.మీ. ఎక్కువైనట్టే. తీసి అరగదీయించాలి, గుద్ది ఎక్కించకూడదు.

లాకింగ్ స్ట్రిప్పు రకమైతే దాన్ని చివర్లో రబ్బరు బయటి ముఖం మీద దానికోసమే ఉండే సన్నటి గాడిలో దించుతారు. ఇది లేకుండా రబ్బరు అద్దాన్ని గట్టిగా పట్టదు. దీనికి డైమండ్ ఆకారపు కొన ఉన్న చేతి పనిముట్టు దొరుకుతుంది. స్ట్రిప్పును కూడా సాగదీయకుండా, కొద్దిగా తోస్తూ వేయండి.

సీలెంట్ ఎక్కడ, ఎంత

నీళ్ల పరీక్ష మళ్లీ చేసి, కారితేనే సీలెంట్. కొత్త రబ్బరు, నిటారు ఫ్రేము ఉంటే చాలాసార్లు అవసరమే రాదు. కారితే ట్యూబు మూతిని బయటి రెక్క కిందికి దూర్చి, రబ్బరుకీ ఫ్రేముకీ మధ్య 3 మి.మీ. గీత చుట్టూ వేయండి. అవసరమైతేనే రబ్బరుకీ అద్దానికీ మధ్య కూడా. బయటికి పొంగినదాన్ని ప్లాస్టిక్ బద్దతో తీసి, డబ్బా మీద చెప్పిన ద్రవంతో తుడవండి.

కొట్లో దొరికే మామూలు సిలికాన్ చాలావరకు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. అది విడుదల చేసే ఆమ్లం పెయింటు గీసుకుపోయిన చోట ఇనుముకి తుప్పు పట్టిస్తుంది, లామినేషన్ అంచునీ చెడగొడుతుంది. సిలికానే వాడాల్సి వస్తే న్యూట్రల్ క్యూర్ అని రాసినది వాడండి. కార్లలో అద్దం అతికించే యురేథేన్ జిగురు దీనికి వద్దు. మళ్లీ విప్పాల్సి వస్తే అద్దం పగలకుండా తీయడం చాలా కష్టం.

లోపలివైపు అంచుకి మాత్రం ఎప్పుడూ సీలెంట్ పూయకండి. లోపల మూసేస్తే బయటి నుంచి దూరిన నీరు ఫ్రేము గొట్టంలో ఇరుక్కుని లోలోపలే తినేస్తుంది. పైకి కారుడు ఆగినట్టే ఉంటుంది, రెండు వానాకాలాలు దాటేసరికి మూల ఊడి చేతికొస్తుంది.

ఫ్రేము కింది రబ్బరు

కౌల్ మీది పాత రబ్బరు గీకేసి, జిగురు మిగలకుండా తుడవండి. కొత్తది మెత్తటి స్పాంజి రకం ఉండాలి, బిగించినప్పుడు మూడోవంతు అణగాలి. అణగకపోతే నీరు దారి చేసుకుంటుంది. పూర్తిగా అణిగిపోతే ఏడాదిలో పలకైపోయి తిరిగి ఉబ్బడం మానేస్తుంది. చివరలు కీళ్ల దాకా పూర్తిగా రావాలి. కారుడు ఎక్కువగా పుట్టేది ఆ రెండు చివరల్లోనే.

ఫ్రేము ఎక్కించి, పాత వాషర్లు వాటి చోట్లలో వేసి, కీళ్ల బోల్టులు వేలితో తిప్పినంత వరకే బిగించండి. కౌల్ మీద రబ్బరు తగిలే చోట సుద్ద పూసి, ఫ్రేము నిలిపి క్లాంపులు వేసి, మళ్లీ వదిలి చూడండి. రబ్బరు మీద సుద్ద గీత తెగకుండా పడాలి. తెగిన చోట ఫ్రేము అంటడం లేదు. దానికి దగ్గరి కీలు వాషర్ తగ్గించి చూడండి. తర్వాత కాగితం పరీక్ష: 10 సెం.మీ.కి ఒకచోట కాగితం ముక్క పెట్టి క్లాంపు వేసి లాగండి. అన్నిచోట్లా ఒకే బిగువుతో రావాలి. అప్పుడు కీళ్ల బోల్టులు రెండు పక్కలా మార్చి మార్చి, సగం తిప్పు చొప్పున పూర్తి చేయండి. ఒక పక్క మొత్తం బిగించి రెండో పక్కకి వెళ్తే ఫ్రేము లాగి, కొత్త అద్దం అంచు నొక్కుకుంటుంది.

వైపర్ ఇరుసుల రబ్బరు వాషర్లు కొత్తవి వేయండి, వాటి ఖరీదు లెక్కలోది కాదు. టాపు గుడ్డను ఫ్రేము క్లాంపులు వేశాకే బిగించాలి. ముందే బిగిస్తే గుడ్డ ఫ్రేమును వెనక్కి లాగి, కింది రబ్బరు ముందు అంచు లేస్తుంది. పైగాడిలో గుడ్డ అంచు తాడు చీకిపోయి ఉంటే దర్జీ చేత కొత్తది కుట్టించండి. వానలో వేగంగా వెళ్లేటప్పుడు నుదుటి మీద పడే చుక్కలు అక్కడివే.

జూన్ నడిమికి నైరుతి వానలు అందుకుంటాయి కాబట్టి ఏప్రిల్‌లో ఫ్రేము పని, మేలో అద్దం పెట్టుకుంటే తొందర ఉండదు. మొదటి 200 కి.మీ. తిరిగాక కీళ్ల బోల్టులు, క్లాంపులు ఒకసారి సరిచూడండి. రబ్బరు సర్దుకుని అవి కొంచెం వదులవుతాయి. అద్దాన్ని బానెట్ మీదికి వాల్చేముందు బానెట్ మీద ఆనే రబ్బరు దిమ్మెలు రెండూ ఉన్నాయో లేదో, రెండూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూడండి. ఒకటి అరిగినా ఫ్రేము బరువు ఒక మూల మీద పడి మెలి తిరుగుతుంది. ఫ్రేము వాల్చి ఉంచి ఘాట్ దిగాల్సి వస్తే పట్టీతో గట్టిగా కట్టాకే బండి కదల్చండి.